వంతెన ఎత్తు చాలలేదు

12-8-84, ఆదివారం, రాజోలు

ఒళ్ళు మండిపోతోంది. మేడమీద గదిలో నేను పరిచిన పట్టాల కోసం బావగారు బొంబాయి నుంచి రెండు బొమ్మ రైలింజన్లు తెచ్చారు. ఒకటి బొగ్గుది, ఒకటి కరెంటుది.

"ఏది కావాలో ఏరుకోవయ్యా. రెండోది మా ఆఫీసరుగారికి ఇచ్చేస్తాను" అన్నారు.

నా మనసు కరెంటుదాని మీదే పడింది. తీరా నడిపి చూస్తే, పైన తీగని అందుకునే దాని కొమ్ము వంతెన కప్పుకి తగిలి ఆగిపోయింది. రెండు నెలలు కూర్చుని కొబ్బరి ఈనెలతో కట్టిన గోదావరి వంతెన! నరసాపురం స్టేషన్లో చూసిన బొగ్గింజను లెక్కనే ఎత్తు పెట్టాను. నాకు తెలిసిన రైలు అదొక్కటే మరి.

"కరెంటు రైలు ఎప్పుడూ చూళ్ళేదేంటయ్యా?" అని బావగారు ఒకటే నవ్వు. ఉక్రోషం కొద్దీ బొగ్గుదే ఉంచేయమన్నాను. మధ్యాహ్నం ఆయన సఖినేటిపల్లి రేవుకి బయల్దేరి వెళ్ళిపోయారు.

సాయంత్రం మా ఆవిడ పైకొచ్చి చూసి, "మనూరికి రైలొచ్చేపాటికి అన్నీ కరెంటువే అయిపోతాయంటండి. అప్పుడీ వంతెనేం చేస్తారండీ?" అంది.

ఆవిడ కిందికి దిగగానే కప్పు మొత్తం ఊడబీకేశాను. ఇప్పుడు కరెంటింజను హాయిగా దూరిపోతుంది. అదేమో రేవులో పంటు పడవెక్కి గోదావరి దాటి, ఈపాటికి నరసాపురంలో రైలెక్కేసి ఉంటుంది.