మానియా మాట చెల్లాలంటే

సామోస్ రేవులో ఉన్న అన్నయ్య ఎవాగోన్‌కు తమ్ముడు కల్లిఫోన్ నమస్కారాలు. ఏథెన్స్‌లో ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ నీ ఓడా చల్లగా ఉండాలని సముద్రదేవుడు పొసైడన్‌ను వేడుకుంటున్నాను.

నీ పాపకు పళ్ళొచ్చాయా అని అడిగావు. నాలుగొచ్చాయి. మొదట కరిచింది నన్నే. మానియా ఎలా ఉందనీ అడిగావు. ఆ సంగతి రాయలేకే మూడు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపేస్తున్నాను.

మన అమ్మ పరదేశి అనీ, పౌరుల జాబితాలోంచి మన పేర్లు కొట్టేయాలనీ మనమంటే గిట్టని అంటిమెనెస్ ఫిర్యాదు చేశాడు. అమ్మ పెళ్ళి చూసినవాళ్ళలో మిగిలింది మనల్ని పెంచిన మానియా ఒక్కతే. ఆమె బానిస. బానిస మాట కొరడా కింద చెబితేనే సాక్ష్యం. ఆ బలవంతాన్నే అనంకే అంటారని నీకు తెలుసు. గత్యంతరం లేకపోవడానికీ మనం ఆ మాటే వాడతాం, రక్తబంధానికీ అదే.

అన్నయ్యా, నేను సరేనన్నాను.

ఇలాంటి విచారణలు జరిగే హెఫైస్టోస్ గుడి దగ్గర మానియా తనే పైవస్త్రం తీసి, మడిచి నా చేతికిచ్చింది. "కింద పెట్టకు నాయనా, నిన్ననే ఉతికా" అంది. కొరడా లేచింది.

"ఆగండి!" అని అరిచాను. "ఈమెకు విడుదల ఇచ్చేశాను. అందరూ వినండి!"

అంటిమెనెస్ పగలబడి నవ్వాడు. "బానిస కాకపోతే కొరడా లేదు. ఆడదాని మాట ఎలాగూ చెల్లదు. నీ సాక్షిని నువ్వే పోగొట్టుకున్నావు కదయ్యా! ఎవడు బలవంతపెట్టాడు నిన్ను?"

"అనంకే" అన్నాను. వాడికి ఏ అర్థం తోచిందో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే మన పేర్లు కొట్టేశారు. పై న్యాయస్థానానికి వెళ్ళి ఓడితే మనల్నే బానిసలుగా అమ్ముతారు. సాక్షి లేకుండా వెళ్ళే ధైర్యం లేకపోయింది. గడువు నిన్నటితో ముగిసింది. పుట్టిన ఊళ్ళో ఇక మనం పరదేశులం. నిన్నడగకుండా నీ పేరూ, పాప పేరూ పోగొట్టాను. వదిన నాతో మాట్లాడటం లేదు. పరదేశితో పెళ్ళి చెల్లదని పుట్టింటివాళ్ళు ఆమెను తీసుకుపోతారేమోనని నా భయం.

మానియా మాత్రం ఆ రోజు గుడి నుంచి ఇంటిదాకా దారి పొడుగునా తిట్టింది. "దెబ్బలు నెలకు మానేవి కదరా వెర్రివాడా! ఇది మానుతుందా?" గుమ్మం దగ్గర, "నీకిష్టమైన చోటికి వెళ్ళొచ్చు" అన్నాను. "పప్పు నానబోసి వచ్చా, తప్పుకో" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు పక్కన కూర్చుని రాయమంటోంది: "పెద్దాడికి కోపమొస్తే, ఇంటికొచ్చి నన్నే తిట్టమను."

రా అన్నయ్యా. తిట్టడానికైనా రా.

ఇట్లు,
నీ జవాబంటే భయపడుతున్న తమ్ముడు
కల్లిఫోన్