ఖాళీ కడుపుతో తీసుకెళ్లండి

వదినా,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. పదింటికి కారొస్తుంది. ఇవాళ మీ తమ్ముణ్ణి రేడియేషన్‌కి మీరే తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఏమీ పెట్టకండి. జాలిపడి అసలే పెట్టకండి. కడుపులో తిండి ఉంటే పేగులు పక్కకి జరిగి, కిరణాలు క్లోమంలోని గడ్డకి కాకుండా వాటికి తగులుతాయట. నిన్న మీరు నాకు తెలియకుండా తినిపించారని తెలిసే కదా, ఆస్పత్రివాళ్లు బల్ల మీదనుంచి దింపి ఇంటికి పంపేశారు! ఆపరేషన్‌కి వీల్లేదని తేల్చేశాక మనకి మిగిలింది ఇదొక్కటే.

పొట్ట మీద వాళ్లు పెట్టిన గుర్తుల్ని సబ్బుతో రుద్దకండి.

మొగుణ్ణి మాడ్చి చంపుతున్నానని రాత్రి మీ అక్కతో ఫోన్లో అన్నారు. వంటింట్లోకి వినబడింది. కానివ్వండి, ఆ మాట కూడా పడతాను.

తిరిగొచ్చాక మాత్రం అడిగినంత పెట్టండి.

ఇంకోటి. నేను ముద్ద కలిపితే వాసన పడటంలేదని మొహం తిప్పేసుకునే మనిషి, నిన్న మీ చేత్తో గిన్నె ఖాళీ చేశాడు. అడగడానికి నాకు నోరు రాలేదు. అందులో ఏం వేశారో ఈ కాగితం వెనక రాసిపెట్టండి.