పెట్టె సందులో చీటీ

సలోమీ,

నువ్వు పోయినప్పటి నుంచి నేను చర్చి గడప తొక్కలేదు. అంతకుముందు వచ్చింది కూడా నీ పోరు పడలేకే. అడిగింది ఇవ్వని దేవుడితో నాకు మాటల్లేవు. ఇవాళ క్రిస్మస్. నువ్వు ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచొక్కా బీరువాలో కనబడితే, అది వేసుకుని వెళ్లి వెనక చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసి మోసి పట్టుకున్న దగ్గు అక్కడా ఆగలేదు. నువ్వు కూర్చునే ఆడవాళ్ల వైపు మాత్రం చూడలేదు.

ఆరాధన చివర సంఘపెద్ద యోహాను ప్రార్థన చీటీల పెట్టె బోర్లించి ఒక్కొక్కటే చదివాడు. ప్రతి చీటీకీ అందరూ ఆమెన్ అంటున్నారు. నలిగిన చీటీ ఒకటి విప్పి, "మా సలోమి దవాఖానల ఉన్నది. మంచిగై ఇంటికి రావాలె," అని చదివి ఆగిపోయాడు.

అది నేను రాసిందే. నువ్వు ఐసీయూలో ఉన్నప్పుడు వేశాను. నా బతుకులో నేను అడిగింది అదొక్కటే. ఇన్నాళ్లూ పెట్టె సందులో ఇరుక్కుని ఉందట. అంటే అప్పుడు దాన్ని ఎవరూ చదవనేలేదు. ఇప్పుడు చదివితే ఎవరూ ఆమెన్ అనలేదు.

బయట యోహాను నా చేతులు పట్టుకున్నాడు. "తప్పయింది అన్నా. చూసుకోలే."

తిట్టడానికే నోరు తెరిచాను. దవాఖానాలో చివరి రోజు నువ్వు, "ఫికర్ చెయ్యకు, మళ్ల కలుస్తం," అన్న మాట గుర్తొచ్చింది. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు సలోమీ.

"ఆ చీటీ మళ్ల పెట్టెల ఎయ్యి తమ్మీ," అన్నాను. "ఆదివారం ఇంకోసారి చదువు. ఎవ్వరనకున్నా నేను ఆమెన్ అంట."