జాగ మారిన వేలు

పటాన్‌చెరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్న సంగతులు. నువ్వు, బావగారు, పిల్లలు, అమ్మా నాన్నా అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో పోయిన ఉత్తరంలో రాయలేదు, ఈసారి మరిచిపోకు. నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే కాళ్ల మీద నిలబడి ఉన్నాను. ఈ చదువులో చేరాక అంతకంటే ఎక్కువ ఆశించకూడదని మా సార్ మొదటిరోజే చెప్పారు.

జవాబు ఆలస్యమైందని అలిగి ఉంటావు. కలం పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తోంది, ఏం చేయను. ముందు బావగారి ప్రశ్నకు జవాబు. ప్లాస్టిక్ సర్జరీలో ప్లాస్టిక్ ఉండదని చెప్పు. మీ ఆడపడుచు ముక్కు సన్నం చేయడం నాకు ఇంకా నేర్పలేదు, ఆవిడను కొన్నాళ్లు ఆ ముక్కుతోనే సర్దుకోమను. ఇక్కడ మా దగ్గరికి ముక్కు కోసం ఎవరూ రారు. చుట్టూ ఫ్యాక్టరీలే. మిషన్లో పడ్డ చేతులు వస్తాయి, ఆవిరికి ఉడికిన ముఖాలు వస్తాయి. ఒకచోటి చర్మం తీసి ఇంకోచోట అతకడం, తెగిన నరాలు కలపడం, ఇదే నా పని.

వానలు వెనకబడ్డాయి. గాలి గడ్డపోతారం వైపు నుంచి వీస్తే గది కిటికీ తెరవలేను, మందుల ఫ్యాక్టరీల వాసన గొంతులో కూర్చుంటుంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. నిజం చెప్పాలంటే అన్నం వండుకునే ఓపిక లేక వట్టి పచ్చడే నాకేశాను. తిట్టకు. మధ్యాహ్నం భోజనం రోజూ రేపటికి వాయిదా పడుతోంది. టీ తాగి, బిస్కెట్ తిని మళ్లీ ఆపరేషన్ థియేటర్లోకి పోతున్నాను. నువ్వు చూస్తే నా తలకు నూనె పెట్టి నెల దాటిందని ఏడుస్తావు.

కోడికాళ్ల సంగతి నీకు చెప్పానో లేదో. వెంట్రుక కంటే సన్నటి దారంతో రక్తనాళాలు కుట్టడం నేర్చుకోవాలి కదా, మైక్రోస్కోపు కింద కోడికాలు పెట్టుకుని కుడుతూ ఉంటాను. దుకాణం ఆయన ఒకరోజు జాలిగా అడిగాడు. "రోజు కాళ్లే తీస్కపోతరు మేడం, ఇంట్ల ఎవలకన్న పానం బాగుంటలేదా?" నాకే బాగుండటం లేదని చెప్పాను. అబద్ధం కాదు.

ఇంతకీ ఇంత ఆలస్యం ఎందుకైందో చెబుతాను. మొత్తం ఒక బొటనవేలి వల్ల.

సుగుణ అని లక్డారం అమ్మాయి. నా వయసే ఉంటుంది. వాళ్లది వ్యవసాయమే, కానీ రెండేళ్లుగా స్టీలు గిన్నెలు చేసే కంపెనీలో ప్రెస్సు మీద పని చేస్తోంది. ఆ ప్రెస్సు కింద కుడిచేతి బొటనవేలు నలిగిపోయింది. తిరిగి అతికించడానికి ఏమీ మిగల్లేదు. బొటనవేలు పోతే ఏం పోతుందో నాకు చదువులో చెప్పారు గానీ, ఆమెను చూశాకే అర్థమైంది. అన్నం కలిపినా ముద్ద నోట్లోకి పోదు అక్కా. తోసేది బొటనవేలే. రేపు నువ్వు తినేటప్పుడు చూసుకో. వార్డులో ఆమె అత్త బాలమ్మ కలిపి పెడుతుంటే, సుగుణ గోడవైపు తిరిగి తినేది.

"నా ముద్ద నేను తినస్తే సాలు మేడం, ఇంకేం అడగ" అంది నాతో.

సార్ చూసి, కాలి రెండో వేలు తీసి చేతికి పెడదామన్నారు. బొటనవేలి పక్కది. చేతిమీద సరిగ్గా ఇమిడేది అదే, నడకకు పెద్దగా లోటూ రాదు. ఇంటివాళ్లకు చెప్పి ఒప్పించే పని నాకు అప్పగించారు. నేను పెద్ద తెలిసినదానిలా బొమ్మ గీసి చూపించాను. "ఈ వేలు తీసేస్తాం, ఇక్కడ పెడతాం" అన్నాను. సుగుణ భర్త తల ఊపాడు. బాలమ్మ మాత్రం లేచి నిలబడింది.

"గది మెట్టె ఏలు" అంది.

నాకు తట్టనే లేదు అక్కా. ఎముక, నరం, రక్తనాళం అన్నీ గీశాను. మెట్టె గీయలేదు.

"మెట్టెను పక్క వేలికి పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాను.

"నీ కాళ్లకు మెట్టెలు లేవు బిడ్డా, నీకేం ఎరుక? ఏ ఏలుకు తొడిగితిమో గా ఏలుకే ఉండాలె. నా కొడుకు సల్లగ ఉండాలంటె గా ఏలు ఉండాలె."

పొట్ట చర్మంతో కూడా వేలులాంటిది చేయొచ్చు. కానీ అది వట్టి మొద్దు. గోరు ఉండదు, కదలదు, వేడి చల్లన సరిగ్గా తెలియదు. ముద్ద తోయడానికి పనికిరాదు. అదే చెప్పాను, చాలాసార్లు చెప్పాను. రోజులు గడుస్తున్నాయి, సార్ నన్ను కసురుతున్నారు, బాలమ్మ కోడలికి ముద్దలు పెడుతూనే ఉంది. ఆమె చెడ్డది కాదు అక్కా, అదే నా ప్రాణానికి వచ్చింది. చెడ్డదైతే పోట్లాడి ఉందును. ఒకరోజు విసుగు పట్టలేక అక్కడే మంచం పక్కన స్టూలు మీద కూలబడ్డాను. బాలమ్మ నా వైపు చూసి, తన చాయ్ నా చేతిలో పెట్టింది.

"ఒక మాట అడుగుత. కోసినంక గా ఏలు సస్తదా?"

"చావదు. చెయ్యి మీద బతుకుతుంది."

"రగతం పారుతదా?"

"పారుతుంది. అది పారడానికే నేను కుట్టేది."

"గోరు పెరుగుతదా?"

"పెరుగుతుంది. కోసుకోవాలి కూడా."

ఆమె కాసేపు కోడలి కాళ్లకేసి చూసింది.

"మరి తీసేస్తం తీసేస్తం అంటవేంది? జాగ మారుతది అనరాదు?"

అంతే, ఒప్పుకుంది. ఇన్నాళ్లూ నేను వేలిని చంపుతాననుకుంది ఆవిడ. ఆపరేషన్ నాటి పొద్దున ఆ వేలి మెట్టెను తనే తీసి, కొంగున ముడేసుకుంది.

పొద్దున్నే మొదలుపెడితే వీధి దీపాలు వెలిగాక ముగిసింది. ఒక నాళం సార్ నన్ను కుట్టమన్నారు. కోడికాళ్లు కళ్లముందు కనబడ్డాయి. రక్తం ఆపి ఉంచిన క్లిప్పు వదిలాక తెల్లగా పాలిపోయి ఉన్న వేలు మెల్లగా ఎర్రబడింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉండటం మంచిదైంది.

ఆ తర్వాతే అసలు కష్టం. గంటగంటకూ వేలి రంగు చూడాలి, వెచ్చగా ఉందో లేదో తాకి చూడాలి. ఆ పని నాదే. రెండోనాడు నీలం తిరిగింది. పరుగున మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయాం. నేను కుట్టిన చోటే గడ్డకట్టి ఉంది. సార్ విప్పి, మళ్లీ కుట్టమని నాకే ఇచ్చారు. ఎలా కుట్టానో ఇప్పటికీ తెలియదు. బయటికి వస్తే బాలమ్మ ఒకటే అడిగింది, "ఉన్నదా?" అని. ఉందన్నాను. మరో నాలుగు రోజులు ఆ మాట నిలబడుతుందో లేదో అని నేను మనిషిలా లేను. నిలబడింది. ఆ రోజుల్లోనే నీ ఉత్తరం వచ్చింది, జేబులో పెట్టుకుని తిరిగాను, రేపు రాద్దాం రేపు రాద్దాం అంటూ ఇన్నాళ్లు చేశాను.

ఇది జరిగి మూడు నెలలు కావస్తోంది. సుగుణ ఇంటికి పోయింది, చేతికి కసరత్తులకు వచ్చిపోతోంది. మొన్న అత్తాకోడళ్లిద్దరూ ఓపీకి వచ్చారు. సుగుణ చెయ్యి చాచింది. కొత్త బొటనవేలికి వెండి మెట్టె.

"ఎవరు పెట్టమన్నారు? వేలు వాస్తే రక్తం ఆగిపోతుంది, తీయండి ముందు" అని కేకలేశాను.

బాలమ్మ చెక్కుచెదరలేదు. "ఒదులుగ సాగదీపిచ్చిన, తిప్పి సూడు. ఏ ఏలుకు తొడిగితిమో గా ఏలుకే ఉన్నది. జాగ మారింది, గంతే."

తిప్పి చూశాను. నిజంగానే వదులుగా ఉంది, తేలిగ్గా తిరిగింది. రాత్రి పడుకునేటప్పుడైనా తీసి పెట్టమన్నాను. "మెట్టె తీస్తరా ఎవలన్న?" అంది. చివరికి, ఏ కాస్త వాపు కనబడ్డా తీసేస్తానని సుగుణ చేత మాట తీసుకున్నాను.

ఓపీ అయ్యేసరికి రెండు దాటింది. వాళ్లు వేపచెట్టు కింద సద్ది విప్పుకుని నన్ను పిలిచారు. పని ఉందన్నాను. "మొకం పీక్కపోయింది, ఏం పని?" అని బాలమ్మ కసిరింది. కూర్చున్నాను. పప్పు, మామిడికాయ తొక్కు. సుగుణ అన్నం కలిపింది. ముద్ద చేసింది. తను తింటుందని చూస్తున్నాను. నా నోటి దగ్గరికి తెచ్చింది.

అక్కా, అమ్మ మనకు అన్నం దగ్గర కాళ్లు చాపి కూర్చుంటేనే వీపు మీద ఒకటి ఇచ్చేది కదా. ఆ పెంపకంలో పెరిగిన దాన్ని, నోరు తెరిచాను. వేలు ముద్దను లోపలికి తోసింది. మెట్టె చల్లగా పెదవికి తగిలింది. ఎన్నాళ్లకో అన్నం రుచి తెలిసింది. ఇంకో రెండు ముద్దలు అడిగి మరీ పెట్టించుకున్నాను.

నా గురించి బెంగపడకండి. పండక్కు సెలవు దొరకదు, ఆ సంగతి అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. పచ్చడి ఇంకో సీసా, వీలైతే తలకు నూనె ఎవరి చేతనైనా పంపు. నాన్నకు, అమ్మకు, బావగారికి నా నమస్కారాలు, వాళ్ల దీవెనలు నాకు కావాలి. పిల్లలకు ముద్దులు. చెల్లి తింటోందా అని అమ్మ అడిగితే, కడుపునిండా తిన్నదని చెప్పు. ఏ వేలితో పెట్టారో మాత్రం చెప్పకు.

నీ చెల్లెలు,
పద్మ