ఎడమ వెనక మూల

టారవిక్,
1963 సెప్టెంబర్ 3, మంగళవారం.

వాలీ బావగారికి,

మీ తమ్ముడి భార్య నొరీన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమమని రాసి మీ క్షేమం అడగడం మర్యాద. మా గొర్రెలు క్షేమం. గోధుమ చేను ఇంకొక్క వాన కోసం చూస్తోంది. మేమిద్దరం మాత్రం మొన్న శనివారం నుంచి క్షేమంగా లేము. అందుకు కారణం మీరు. మీ ఇంట్లో ఐరిస్ అక్కయ్యను అడిగానని చెప్పండి. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు.

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయినా మీ ఎదుట నాలుగు మాటలు వరసగా మాట్లాడిన గుర్తు లేదు. పదిమందిలో నాకు గొంతు పెగలదని మీకు తెలుసు. తెలిసే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. నేను చదివింది ఆరో తరగతి వరకే. తప్పులుంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక పాత షెడ్డులో మీరంతా బీరు పీపా చుట్టూ చేరారు. మేం ఆడవాళ్ళం ఇటు బల్ల దగ్గర స్కోన్లకు వెన్న రాస్తున్నాం. కొత్త హాలు గోడ మీద పెట్టే బోర్డు గురించి మాట వచ్చింది. మన క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండాయి కనుక, ఆ యాభై ఏళ్ళలో ఆడినవాళ్ళ నుంచి ఒక టీమును ఏరి, ఎవరి చోట్లో వాళ్ళ పేరు బంగారు రంగుతో రాయిస్తారు కదా. కమిటీ పెద్ద మీరు. సుద్దముక్క మీ చేతిలో ఉంది. నల్లబల్ల మీద ఒక్కొక్క పేరూ రాస్తూ మా ఆయన పేరు దగ్గర ఆగారు.

బ్లూయీ మామ వెంటనే, “ఇంకా ఆలోచనేంట్రా వాలీ? క్లెమ్‌ది నడిమైదానం, సెంటర్ హాఫ్ ఫార్వర్డ్. వాడు బంతి కోసం గాల్లోకి లేస్తే, మళ్ళీ నేల మీద కాలు పెట్టేలోగా నేనో సిగరెట్టు చుట్టుకునేవాణ్ణి,” అన్నాడు.

మీరేమన్నారో గుర్తు చేస్తాను. “ఎన్నాళ్ళు లేచాడు మామా? ఐదేళ్ళు. ఆ తర్వాత గుంపులో దూకాలంటే ఒళ్ళు జంకింది. నడిమైదానం వదిలేసి వెనక మూలకెళ్ళి నక్కాడు. అమ్మ గౌను పట్టుకుని నిలబడ్డ పిల్లాడిలా, తొమ్మిదేళ్ళు ఆ మైదానం అంచు గీత పక్కనే,” అన్నారు.

మూలలోనూ బాగానే కాశాడు కదా అని బ్లూయీ మామ నసిగాడు. “ఏం కాశాడు? ఒక్క మ్యాచ్‌కి ఎడమ మూల నుంచి కుడి మూలకు మారిస్తే ఐదు గోల్స్ ఇచ్చాడు. చాలదన్నట్టు మనవాణ్ణే గుద్ది పడేశాడు. మూల కూడా చేతకాని మూలవాడు,” అన్నారు మీరు. అందరూ గొల్లున నవ్వారు. మీరు పద్దెనిమిది చోట్లూ దాటి, కిందకు వంగి, ‘పంతొమ్మిదోవాడు’ అన్న చోట ఆయన పేరు రాశారు. చలికోటు కప్పుకుని బెంచీ మీద కూర్చుని, ఎవరి కాలైనా విరుగుతుందేమోనని ఎదురుచూసేవాడి చోట.

మా ఆయన అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. “నీ ఇష్టం అన్నా. ఎక్కడ రాసినా ఇక ఆడేది గోడే కదా,” అన్నారు. దానికీ అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు. నవ్వు ఆయన వైపు వెళ్ళడం మీకు నచ్చలేదు. అందుకే నా వైపు తిరిగారు. “ఏమ్మా నొరీన్, మీ ఆయన గొప్పతనం ఏ చోటిదో నువ్వు చెప్పు. అసలు మన బంతికి కొనలెన్నో తెలుసా నీకు?” అన్నారు. నా చేతిలో కత్తి జారి వెన్నలో పడింది. “చూశారా, మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ మూలే,” అన్నారు.

రెండు కొనలు, బావగారూ. కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. తెలుసు.

ఇక ఆయన చోటు. ఎడమ వెనక మూల. నా జవాబు అదే.

బ్లూయీ మామ చెప్పే సెంటర్ హాఫ్ ఫార్వర్డ్‌ను నేను చూడలేదు. హోటల్ గోడ మీద ఫోటోలో ఉన్నాడు, ఎవరి భుజాల మీదో మోకాలు ఆనించి బంతిని ఆకాశంలోంచి కోసుకుంటున్న కుర్రాడు. అందగాడే. కానీ ఆ కుర్రాడు ఎగిరితే చుట్టూ ఉన్నవాళ్ళు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ తర్వాతి మనిషి ఉన్న చోట చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. ఏమీ జరగకుండా చూడడమే ఆయన పని కనుక.

మూడు చలికాలాలు నేను కంచె పక్కన ట్రక్కు ఆపుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని ఆయన ఆట చూశాను. మిగతా బళ్ళన్నీ అవతలి గోల్ దగ్గర చేరేవి, మనవాళ్ళు గోల్ వేసినప్పుడల్లా హారన్లు మోగించడానికి. నేను ఇటు చివర, పైన్ చెట్ల దగ్గర ఆపుకునేదాన్ని, టీములు చివరలు మారితే నేనూ మారేదాన్ని. హారన్ కొట్టే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. ఎదుటి టీములో అందరికన్నా చురుకైనవాణ్ణి ఎవరు అడ్డుకోవాలి? మా ఆయన. వాడు బంతి మీద చెయ్యి వేసేలోపు పిడికిలితో దాన్ని గీత అవతలికి కొట్టేసేవారు. మింబర్ టీములో రెక్స్ అనే కుర్రాడు ఉండేవాడు, తర్వాత మెల్బోర్న్‌లో పెద్ద టీముకు వెళ్ళాడు. ఒకసారి విరామంలో కమలాపండు తొన కొరుకుతూ నా ట్రక్కు పక్కనే తన తండ్రితో, “ఆ ముసలాడు నన్నే కాదు నాన్నా, నా నీడను కూడా బంతి ముట్టనివ్వడం లేదు,” అని ఏడుపుగొంతుతో అన్నాడు. నేను ఆ మాట ఇంటికి తెచ్చి చెబితే మా ఆయన ముసలాడన్నందుకు మాత్రం బాధపడ్డారు.

యాభై ఏడో సంవత్సరం ఫైనల్ నేను చూడలేదు, మీరు చూశారు. మింబర్ వాళ్ళు ఆఖరి నిమిషంలో తన్నిన బంతి గోల్ దాటబోతుంటే దాని మీద వేలు తగిలించింది ఎవరు? ఆ వేలు తగలకపోతే వాళ్ళకు ఆరు పాయింట్లు. తగిలింది కనుక ఒక్కటే వచ్చింది. మనం రెండు పాయింట్లతో గెలిచాం. కెప్టెన్ కనుక మిమ్మల్ని భుజాల మీద మోశారు, కప్పు మీ చేతికిచ్చారు. మోయాల్సిందే, ఇవ్వాల్సిందే. కానీ ఆ కప్పు పట్టుకున్న చేత్తోనే మొన్న ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆట గురించి నాకు తెలిసింది ఇంతే. మీ కోపం ఆట గురించి కాదని కూడా తెలుసు. మూడేళ్ళ క్రితం అత్తయ్యగారిని సమాధి చేసిన రోజు మీరు చెయ్యి చాస్తే మా ఆయన అందుకోకుండా ముందుకు నడిచిపోయారని ఊరంతా చెప్పుకున్నారు. “కన్నతల్లి గోతి పక్కన కూడా వాడి పొగరు తగ్గలేదు,” అని మీరే అన్నారట. ఆ మాట ధాన్యం గోదాములోంచి మా ఇంటికి రావడానికి రెండు రోజులు పట్టింది. విని ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. మీ దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పండని బతిమాలాను. “అది చెబితే మొదటిదీ చెప్పాలి,” అన్నారు, అంతే.

ఆ మొదటిది ఏమిటో, ఆయన నడిమైదానం వదిలి మూలకు ఎందుకు వెళ్ళారో నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను కనుక రాయను. భయం మాత్రం కాదు. ఈ ఒక్కటీ నా మాట మీద నమ్మండి.

వచ్చే శనివారం కొత్త హాలులో బోర్డు తెర తీసే సభకు ఆయన వస్తారు. రానని అనే మనిషి కాదు. నిన్ననే బూట్లకు పాలిష్ పెట్టుకున్నారు. మీరు వేదిక మీద పిలిస్తే ఎక్కుతారు, ఏమన్నా వింటారు, దిగుతారు. కానీ అదే ఆఖరు, బావగారూ. ఆదివారం పొద్దున ఆయన వెళ్ళి మన రెండు పొలాల మధ్య గేటుకు గొలుసు వేసి తాళం పెట్టి వచ్చారు. మీ నాన్నగారు పెట్టించిన గేటు అది. దానికి తాళం వేయడం ఎవరూ చూసి ఉండరు. తాళంచెవి వంటింట్లో మేకుకు తగిలించారు. నేను దాన్ని చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాబట్టి అడుగుతున్నాను. అడగడం కూడా కాదు, చెబుతున్నాను. బెంచీ చోట రాసిన పేరు తుడిపించండి. ఎడమ వెనక మూలలో రాయించండి. ఆ చోటు ఇవ్వడానికి మీకు మనసు రాకపోతే బోర్డు మీద ఆయన పేరే వద్దు. మీకు తమ్ముడు కావాలో, ఊళ్ళో నలుగురి నవ్వు కావాలో శనివారంలోగా తేల్చుకోండి.

ఇంతకన్నా మర్యాదగా రాయడం చేతకాని

మీ మరదలు
నొరీన్

తా.క. కవరు అంటించబోతుండగా ఐరిస్ అక్కయ్య కేకు పళ్ళేలు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. పెయింటరు అప్పుడే బోర్డు మీద పేర్లు రాయడం మొదలుపెట్టాడట. సభలో మీరు చెప్పబోయే మాట కూడా మీరు గడ్డం గీసుకుంటూ వల్లించగా విన్నదట. “ఇక మన పంతొమ్మిదోవాడు. ఈ మూడు మెట్లెక్కే ధైర్యముంటే రావాలి,” అంటారట. అక్కయ్య సిగ్గుపడుతూ చెప్పింది. నేను ఇచ్చిన మాట తప్పుతున్నాను.

యాభై మూడులో, ఫైనల్‌కు ముందు గురువారం ప్రాక్టీసు. పొద్దు వాలుతోంది. ఒకే బంతికి మీరిద్దరూ ఎగిరారు. మీ మోచెయ్యి ఆయన ఎడమ కంటికి తగిలింది. ఆయన పడిపోతే, “లేవరా, పెళ్ళికూతురిలా పడుకున్నావేం?” అని మీరు నవ్వి బంతి వెంట పరిగెత్తారు. వారం తర్వాత ఆయన ఒక్కరే రైలెక్కి, పెద్ద ఊళ్ళో డాక్టరుకు చూపించుకుని వచ్చారు. ఆ కన్ను ఇక చూడదన్నారు. పైకి రెండు కళ్ళూ ఒకేలా ఉంటాయి, అందుకే ఎవరికీ తెలియలేదు. మీకెందుకు చెప్పలేదని నేను అడిగాను. “అన్న మోచేతులు విప్పుకుని ఆడితేనే అన్న. తెలిస్తే ముడుచుకుంటాడు. ఇంక ఆడలేడు,” అన్నారు.

ఎడమ పక్క నుంచి ఎవరు మీద పడుతున్నారో కనపడని మనిషి నడిమైదానంలో నిలబడలేడు. ఎడమ వెనక మూలలో మాత్రం ఆ పక్కన ఉండేది గీత. గీత అవతలి నుంచి ఎవరూ రారు. ఆటలో పావు భాగం అయ్యి టీములు చివరలు మారినా గీత ఆయన ఎడమ చేతి వైపే ఉంటుంది. అందుకే ఆ మూల అడిగి తీసుకున్నారు. కుడి మూలకు మార్చిన రోజు ఏమైందో ఇప్పుడు మీకు నేను చెప్పక్కర్లేదు.

పెళ్ళైన కొత్తలో నేనూ మీలాగే అనుకున్నాను. టీ పట్టుకుని పక్కన నిలబడితే తలైనా తిప్పరు, ఇంత పొగరేమిటని పెరట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఒక రోజు ఆయన మోచెయ్యి తగిలి వేడి టీ నా చేతుల మీద ఒలికింది. అప్పుడు చెప్పారు. ఆ రోజు నుంచి నేను కుడి పక్కనే నడుస్తాను. అత్తయ్యగారి సమాధి దగ్గర కూడా ఆయన కుడిచెయ్యి పట్టుకుని ఉన్నాను. మీరు ఏ పక్కన నిలబడ్డారో గుర్తు చేసుకోండి.

ఇది ఇంకెవరికీ చెప్పను. మీకు రాశానని ఆయనకూ చెప్పను. బోర్డు మీ ఇష్టం. శనివారం ఆయనకు చెయ్యి అందించాలని మీకు అనిపిస్తే మాత్రం కుడి పక్కకు వచ్చి అందించండి. ఎడమ పక్క నుంచి వస్తే మీరు ఆయనకు కనపడరు.