బోర్లించని గ్లాసు

పిచ్చుకా,

అమ్మ రాస్తున్నాను. ఇక్కడ మేము బాగానే ఉన్నామని మొదలుపెట్టాలి. మేము అంటే ఇప్పుడు నేనే కదా, అయినా ఒక్కదాన్నని రాయడానికి చెయ్యి ఒప్పుకోవడం లేదు. నువ్వు అక్కడ బాగున్నావనే అనుకుంటున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది. వంటింటి కిటికీ గడియ పొడుగు మాస్టారు బాగుచేశాడు. ఇప్పుడది మూసుకుంటుంది గానీ తెరుచుకోదు. "ఇంగ్లీషు మాస్టారి చేత చేయిస్తే ఇంతే పిన్నిగారూ" అని తనే నవ్వాడు. మీ అక్క బీరువాకి నేను తాళం వేయలేదు. తన బడి టీచర్లు ఎప్పటిలాగే వచ్చి పుస్తకాలూ, బొమ్మలూ, ఆట కార్డులూ తీసుకెళ్తున్నారు, తిరిగి తెచ్చి పెడుతున్నారు. తెచ్చినప్పుడల్లా ఉంచుకోండి అంటున్నాను. రావలసిన మనిషి తప్ప అన్నీ తిరిగొస్తున్నాయి తల్లీ.

ఇంకొకటి కూడా అడిగావు. దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఆదివారం కూటం ఆగలేదు. అక్కను ఆ జ్వరం తీసుకుపోయిన వారం తప్ప టీచర్లు మానలేదు. ముందు గదిలో ఒకరు పాఠం చెబితే తక్కినవాళ్ళు పిల్లలవుతారు. పెద్ద టీచరుగారు ఇప్పటికీ వెనక వరసలో అల్లరి పిల్లాడే. తెలియనట్టు నటించమంటే అడగకముందే జవాబు చెప్పేస్తుంది. నన్ను మొదటిసారి పిలిచిన రోజు అక్క ఆవిడతో ఏమందో గుర్తుందా? "మీకు అన్నీ వచ్చు టీచర్, అదే చిక్కు. పాఠం ఎక్కడ చెడిందో మీ దగ్గర తెలియదు. మా అమ్మనైతే నటించమనక్కర్లేదు" అంది. అందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు. నా ముందు ఖాళీ గ్లాసు పెట్టి, "అర్థం కాకపోతే నోరు తెరవక్కర్లేదమ్మా, దీన్ని బోర్లించు, చాలు" అంది. నేను గ్లాసు బోర్లించిన చోటల్లా వాళ్ళు పాఠాన్ని విప్పి మళ్ళీ కుట్టుకునేవాళ్ళు. నా తెలియనితనానికి అంత మర్యాద ఇంకెవరిచ్చారు?

అక్క పోయాక నేను ఆ గ్లాసు ఒక్కసారీ బోర్లించలేదు.

అర్థమై కాదు పిచ్చుకా. వాళ్ళ పెదాలు కదలడం కనిపిస్తుంది, మాట నా దాకా రాదు. బోర్లిస్తే అందరూ నా వైపు తిరుగుతారు. పాపం పిన్నిగారు, అన్న చూపు. అది తట్టుకోలేక తల ఊపేస్తున్నాను. పాఠం బాగుందనుకుని వెళ్ళిపోతున్నారు. మొన్న పొడుగు మాస్టారు బడి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మీ గ్లాసు కదల్లేదు కదా పిన్నిగారూ, ధైర్యంగా వెళ్ళి చెప్పాను. పిల్లలు నా మొహం చూస్తూ కూర్చున్నారు. ఎక్కడ చెడిందంటారు?" అని అడిగాడు. నన్ను తిట్టినా బాగుండేది.

నీ పాఠం కూడా అలాగే అయింది తల్లీ. అక్క గీసిన బొమ్మలకు నువ్వు తీసి పంపిన ఫోటోలు చూపిస్తూ మాస్టారు నీ పాఠం చెప్పాడు. నేను తల ఊపాను. ఫోనులో అంతా అర్థమైందన్నాను. నువ్వేమో, "ఆ ఒక్క బొమ్మ దొరక్కపోయినా ఇక భయం లేదమ్మా, నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది" అని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నీ టీచరు శిక్షణలో పరీక్ష పెట్టేవాళ్ళ ముందు చెప్పాల్సిన పాఠం అది. అది చెడితే అక్క తరగతి నీకు ఇవ్వరు, ఆ పిల్లలు ఇంకెవరి చేతిలోకో పోతారు. నా తల ఊపు వల్ల అది కూడా పోతే నేను ఎలా బతకాలి?

అందుకే పొద్దున మాస్టారిని బతిమాలి మళ్ళీ చెప్పించుకున్నాను. మొదటి బొమ్మలో అమ్మాయి వానలో పరుగెత్తుతోంది. రెండో దాంట్లో బస్సు వెళ్ళిపోతోంది. ఆ తర్వాత బల్ల మీద రెండు కంచాలు. ఆ పిల్లకి నిన్న ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆ పిల్ల బస్సు ఎక్కిందా, ఎక్కలేదా? నాకు తెలియలేదు. ఎక్కి వెళ్ళిపోయిందనే అనిపించింది. గ్లాసు బోర్లించాను. నీళ్ళు నిండా ఉన్నాయని చూసుకోలేదు, మాస్టారి ఒళ్ళంతా తడిసింది. "అమ్మయ్య పిన్నిగారూ, తిరిగొచ్చారు" అన్నాడు.

ఇక నువ్వు అడిగిన ఆ ఒక్క బొమ్మ బీరువాలో లేదని చెప్పాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నువ్వు కట్ట సర్దుకున్న రోజు నేనే అందులోంచి తీసి నా దిండు కింద పెట్టుకున్నాను. బస్సు తప్పిపోయి, తడిసి ముద్దయి, మన గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి. అద్దంలో చూసుకుంటూ అక్క తన మొహమే గీసుకుంది. వచ్చేశాను అన్నట్టు ఉంటుంది. అది ఒక్కటే నా దగ్గరుంటే చాలనుకున్నాను. నీ పాఠం దాని మీదే నిలబడిందని తెలియలేదు.

ఫోటో తీసి పంపుదామన్నాడు మాస్టారు. వద్దన్నాను. పిల్లల చేతికి అందాల్సిన బొమ్మ కదా. పైగా ఫోటో పంపితే అసలుది మళ్ళీ దాచేస్తాను, నా సంగతి నాకు తెలుసు. ఫోనులో చెప్పినా నీ గొంతు వినగానే బాగుందనేస్తాను. అందుకే ఈ ఉత్తరం. మాస్టారు రేపు మీ శిక్షణ కేంద్రానికి వస్తున్నాడట, బొమ్మను ఇందులో పెట్టి ఆయన చేతికి ఇస్తున్నాను. కవరు రెండుసార్లు అంటించి రెండుసార్లూ విప్పాను. ఇప్పుడు మాస్టారినే అంటించమంటాను.

బస్సుకీ కంచాలకీ మధ్య దాన్ని పెట్టు. పిల్లల చేతికివ్వు, నలిగితే నలగనీ. అయిపోయాక పోస్టులో పంపకు. నువ్వే తీసుకురా.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ

నువ్వు సరిగా తినడం లేదని నీ గదిలో ఉండే అమ్మాయి మాస్టారికి చెప్పిందట. పాఠానికి వెళ్ళేముందు కడుపునిండా తిను.