యాభై, రెండు, యాభై

స్టర్జన్ పాయింట్, ఒహాయో
ఆదివారం, సెప్టెంబరు 14, 1997

ప్రియమైన ఆరిన్‌కి,

నువ్వూ బెర్నిస్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ క్షేమమే అని రాయడం మర్యాద కాబట్టి, రాశాననుకో. ఈ ఏడు టొమాటోలు విరగకాశాయి. తినేవాడు లేడు. బుట్ట నింపి పక్కింటి మెట్ల మీద పెట్టి వస్తే, వాళ్ళు తమవి ఇంకో బుట్ట తెచ్చి నా మెట్ల మీద పెడుతున్నారు.

నువ్వు అంత్యక్రియలకి రాలేదని ఊళ్ళో అందరూ అంటున్నారు. వచ్చావని నాకు తెలుసు. చర్చి బయట ట్రక్కులో కూర్చున్నావు, ఇంజనైనా ఆపలేదు. పెట్టె బయటికి తెస్తుంటే టోపీ తీశావు. నాకు ఒళ్ళు మండిపోయింది ఆరిన్. ముందు వరసలో నా పక్కన ఖాళీ ఉంచింది నీకే. మా ఆయన వెండెల్‌తో అన్నేళ్ళు ఒకే పడవలో తిరిగినవాడివి, నాలుగు మెట్లు ఎక్కలేకపోయావా?

మొన్న బెర్నిస్ వచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నువ్వు తిండి మానేశావట. పడవకి అమ్మకం బోర్డు తగిలించావట. వాడు గుండె నొప్పితో పిలిచాడు, నేను ఎగతాళి చేశాను అని పొద్దస్తమానం అదే మాటట. ఇలా అయితే చలికాలం దాటడు ఇర్మా, నువ్వే ఏదో ఒకటి రాయి అని నా చెయ్యి పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మన రేవులో పడవ రేడియో పట్టుకుని నిజం చెప్పేవాడు ఎవడున్నాడు? సరస్సులో వాలై చేపలు ఎక్కడ దొరుకుతున్నాయి అంటే పడమట దొరికితే తూర్పంటారు. గాలం దారం ఎంత వదిలావంటే నోటికొచ్చింది చెప్తారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ జతగాడి అసలు అంకెలు బయట పెట్టడం మాత్రం మహాపాపం. నువ్వు చేసిందదే. యాభై అడుగుల దారం వదిలి, దానికి రెండు ఔన్సుల సీసం క్లిప్పు పెట్టి, మళ్ళీ యాభై వదలాలి. మీరిద్దరూ రెండు వేసవులు మొత్తుకుంటే దొరికిన లెక్క అది. మూడేళ్ళ కిందట పోటీ ముందురోజు ఎరల దుకాణంలో రెండు బీర్లు పడగానే టొలిడో ఊరి జట్టుకి ఆ లెక్క అప్పజెప్పావు. కప్పు వాళ్ళు పట్టుకుపోయారు. వెండెల్ నీతో మాట మానేశాడు.

మానేసి ఏం బావుకున్నాడు? చేప పడ్డాక ఒకరు గాలం చక్రం తిప్పుతుంటే, సీసం క్లిప్పు కర్ర కొసకి రాగానే రెండోవాళ్ళు దాన్ని ఊడదీయాలి. ఒక్కడే అయ్యేసరికి ఆయన కర్రని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, వంగి, క్లిప్పుతో కుస్తీ పట్టేవాడు. ఆ లోపు చేప తప్పించుకునేది. ఇంటికొచ్చి గాలిని తిట్టేవాడు, సీసాన్ని తిట్టేవాడు, నీ పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. నేనొస్తా పద అంటే, నీ అరుపులకి చేపలు కెనడా పారిపోతాయి అన్నాడు.

ఆయన పోయిన రోజు పొద్దున వంటింట్లో పడవల రేడియో పెట్టుకునే ఉన్నాను. అందరికీ అబద్ధాలు చెప్పే గొంతుతోనే అన్నాడు: ఒరే ఆరిన్, వింటున్నావా? రాతిదిబ్బకి ఉత్తరాన ఉన్నాను, యాభై రెండు యాభై, రా. మూడేళ్ళలో నిన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. నువ్వేమో, ఉత్తరం అన్నావుగా, అయితే నేను దక్షిణానికే పోతాలే ముసలోడా అన్నావు. రేడియోలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. గిన్నెలు తుడుస్తూ నేనూ నవ్వాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి చేపల శాఖ వార్డెన్‌కి పడవ కనబడింది. ఇంజను ఆగిపోయి, రాతిదిబ్బకి ఉత్తరానే తేలుతోంది. ఆయన సీట్లోనే ఉన్నాడు.

క్షణంలో అయిపోయిందమ్మా, బాధపడలేదు అన్నాడు డాక్టరు. డాక్టర్లు విధవలందరికీ అదే చెప్తారు. నిన్ను పిలిచినప్పటికే నొప్పి మొదలైందో లేదో నాకు తెలీదు. అందుకే నీ తప్పేం లేదని రాద్దామని కూర్చున్నా చెయ్యి రావడం లేదు. నీ మీద కోపం ఉంది. ఆయన మీద అంతకన్నా ఎక్కువ ఉంది. నొప్పిగా ఉందిరా అని ఒక్క ముక్క అంటే నువ్వు ఈదుకుంటూనైనా పోయేవాడివి. పక్క దుప్పటి సగం నలగకుండానే తెల్లారుతోంది. ఏడుపు ఎప్పుడొస్తుందో చెప్పలేను, నిన్న కిరాణా కొట్లో కాఫీ డబ్బా చూసి వచ్చింది.

శుక్రవారం ఆయన పడవని ఒడ్డుకి ఎక్కించాలి. పరాయివాళ్ళు దాని మీద చెయ్యి వేయడం నేను చూడలేను. నువ్వు రావాలి. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. పని చేసి, సూపు తాగి వెళ్ళు. బెర్నిస్‌కి నా ముద్దులు.

ఇట్లు,
ఇర్మా హోర్వత్

తా.క. కవరు అంటించాక మళ్ళీ చింపి రాస్తున్నాను. ఇప్పుడే వార్డెన్ వచ్చి వెళ్ళాడు. పడవలోని మా ఆయన సామాన్లు తెచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలో నిలబడి, మీతో ఒకటి దాచాను మిసెస్ హోర్వత్, పోయినవాడి మీద కేసెందుకని రాయలేదు అన్నాడు. మనిషికి రెండు గాలాలే కదా చట్టం. ఒక్క మనిషున్న పడవలో నాలుగు వేసి ఉన్నాయట. అన్నిటికీ సీసం క్లిప్పులు సరిగ్గా ఎక్కడివక్కడే ఉన్నాయట. ఎడమవైపు రెండు పాత కర్రలు, పిడికి ఆకుపచ్చ టేపు చుట్టినవి. అవి నీవి ఆరిన్. ఇన్నాళ్ళూ మా గ్యారేజీలో ఉన్నాయి, పారేశాడనుకున్నాను. గుండె నొప్పితో ఉన్నవాడు ఇంకొకడి గాలాలు తెచ్చి, సీసం క్లిప్పులు పెట్టి, నీళ్ళలో వేసి కూర్చోడు. నొప్పికి కాదు నిన్ను పిలిచింది. నీ గాలాల్లో ఒకదానికి పెద్ద వాలై పడి ఉందట. పక్కవాడి గాలానికి పడ్డ చేపని ఆయన చచ్చినా ముట్టుకోడని నీకు తెలుసు. నువ్వొచ్చి లాగుతావని అలాగే వదిలేసి కూర్చున్నాడు.